ఓలి మాట, ప్రోనోటు, జాయింటు పట్టా

పెళ్లికి ముందే డబ్బు, ఆస్తి, అప్పుల గురించి ఒప్పందం రాసుకోవడం పట్నం దంపతులు కొత్తగా నేర్చుకుంటున్న పని అని పత్రికల్లో తరచుగా కనిపిస్తోంది. కొందరు పెళ్లయ్యాక కూడా రాసుకుంటున్నారట. ఇవి చదివిన మన యువకులు "ఇవన్నీ డబ్బున్నోళ్ల గోలలు, మనకేం సంబంధం" అంటారు. మన దగ్గర ఒప్పందం కుదరకుండా పెళ్లి ఎప్పుడు జరిగింది అని నేను వాళ్లను అడుగుతాను. ఓలి మాట అంటే ఒప్పందమే. కాకపోతే అది కాగితం మీద లేదు, పెద్దల జ్ఞాపకంలో ఉంది. ఆ జ్ఞాపకం ఎంతకాలం పనికొచ్చింది, ఎప్పటి నుంచి పనికిరాకుండా పోయింది, ఆ నష్టం ఎవరి మీద పడింది అన్నదే ఈ వ్యాసం.

ముందు ఓలి సంగతి. పెళ్లికొడుకు తరఫువాళ్లు పెళ్లికూతురి ఇంటికి ఇచ్చేది ఓలి. గోదావరి ఏజెన్సీ కోయలు, కొండరెడ్ల నుంచి విశాఖ, శ్రీకాకుళం కొండల్లోని తెగల దాకా ఈ మాట, ఈ పద్ధతి తెలియని ఊరు లేదు. ఆదిలాబాద్ గోండుల్లోనూ కన్యాధనం ఇచ్చే ఆచారం ఉంది. ఇచ్చే వస్తువులు ఊరికో తీరు. పశువులు, ధాన్యం, కొంత నగదు, పిల్ల తల్లికి చీర, ఊరికి విందు, కల్లు లేదా సారా. మైదానం వాళ్లు దీన్ని చూసి "పిల్లను అమ్ముకుంటారు" అంటారు. ఎందుకంటే వాళ్లకు కనిపించేది ఓలి మొత్తమే. ఆ మొత్తం చుట్టూ జరిగే మాటలు వాళ్లు వినలేదు.

ఆ మాటల్లో ఏముండేదో మా పెద్దవాళ్లు చెప్పగా విన్నవాళ్లం ఇంకా ఉన్నాం. ఓలి ఎంత? అందులో ఇప్పుడెంత, పంట వచ్చాక ఎంత? బాకీ ఉంటే ఎవరు పూచీ? పిల్ల వెంట పుట్టింటి నుంచి ఏం వెళ్తుంది? పిల్ల తిరిగొచ్చేస్తే ఓలి తిరిగివ్వాలా, తప్పు మగవాడిదైతే ఇవ్వక్కర్లేదా? రేపు ఆమె ఇంకొకరిని మనువాడితే మొదటివాడికి కట్టాల్సింది ఆ కొత్తవాడా, తండ్రా? ఇవన్నీ ఊరి పెద్దల ఎదుట, రెండు వంశాల వాళ్ల ఎదుట తేలేవి. గోండు గూడెంలో పట్ల, సవర ఊళ్లో గొమాంగో, విశాఖ ఏజెన్సీలో నాయుడు, కోయ ఊళ్లో పెద్ద. వీళ్లే రిజిస్ట్రారు, వీళ్లే సాక్షి, వీళ్లే కోర్టు. ఆ రోజు సారా తాగిన ప్రతి మనిషీ సాక్షి కిందే లెక్క. ఊరందరికీ పోయడంలో ఈ ఉద్దేశం కూడా ఉందని నా నమ్మకం. తాగినవాడు తర్వాత "నాకు తెలియదు" అనలేడు కదా.

ఓలి ఇవ్వలేని వాడికీ దారి ఉండేది. మామ ఇంట్లో కొన్నేళ్లు కష్టం చేస్తే ఆ కష్టమే ఓలి. మేనరికమైతే ఓలి తగ్గేది, లేదా మాఫీ అయ్యేది. మధ్యప్రదేశ్ గోండులు మేనరికాన్ని "దూధ్ లౌటావా" అంటారు, అంటే పాలు తిరిగి ఇవ్వడం. ఒక తరంలో ఒక ఇంటి పిల్ల ఇంకో ఇంటికి వెళ్లింది, రెండో తరంలో ఆ ఇంటి పిల్ల ఈ ఇంటికి వచ్చింది, లెక్క సరిపోయింది. లేచిపోయిన జంట విషయం వేరు. వాళ్లు కాపురం మొదలుపెట్టాక పంచాయితీ కూర్చునేది, అప్పుడు ఓలి తేల్చేవారు. ఇప్పుడు "పెళ్లి తర్వాతి ఒప్పందం" అని వకీళ్లు ఫీజు తీసుకుని రాసేది మన పెద్దలు చెట్టు కింద చేసిందానికి ఎంతో దూరం కాదు.

పందొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో దుమ్ముగూడెంలో ఉన్న మిషనరీ జాన్ కెయిన్ భద్రాచలం, రేకపల్లి తాలూకాల కోయల గురించి రాశాడు. 1909లో వచ్చిన థర్‌స్టన్ ఏడు సంపుటాల గ్రంథంలో ఆయన రాతల్ని వాడుకున్నారు. కోయ పెళ్లిలో అతి సాదా తీరు ఎలా ఉండేదో అందులో ఉంది. పెళ్లికూతురు తల వంచుతుంది, పెళ్లికొడుకు ఆమె మీదికి వంగుతాడు, అయినవాళ్లు అతని తల మీద నీళ్లు పోస్తారు. ఆ నీళ్లు జారి ఆమె తల మీద పడితే ఇద్దరూ మొగుడూ పెళ్లాలు. పురోహితుడు లేడు, పత్రం లేదు. 1940లలో హైమెండార్ఫ్ చెంచుల మీద, కొండరెడ్ల మీద, రాజ్‌గోండుల మీద వరుసగా 1943, 1945, 1948లలో పుస్తకాలు తెచ్చాడు. బయటివాళ్లు రాసినవే అయినా ఈ పుస్తకాలు మన టీచర్లు చదవాలి. రాసినవాళ్లు బయటివాళ్లు కాబట్టి జాగ్రత్తగా కూడా చదవాలి.

ఇక్కడ ఒక గందరగోళం తీసేయాలి. బళ్లో పిల్లలకు గురజాడ కన్యాశుల్కం గురించి చెప్తాం. 1892లో ప్రదర్శించి 1897లో అచ్చువేసిన ఆ నాటకం పసిపిల్లల్ని ముసలివాళ్లకు డబ్బు తీసుకుని కట్టబెట్టే బ్రాహ్మణ కుటుంబాల మీద రాసింది. పాఠం అయ్యాక మన పిల్లలు తలవంచుకుని కూర్చుంటారు, "సార్, మా ఇంట్లో కూడా శుల్కమే కదా" అన్నట్టు. కాదు. అక్కడ పిల్ల మళ్లీ పెళ్లి చేసుకోలేదు, విడిచి రాలేదు, వితంతువైతే బతుకే లేదు. ఇక్కడ విడిపోవచ్చు, మారుమనువుకు అడ్డులేదు, ఆమె కష్టానికి విలువ ఉందని ఓలి నలుగురిలో ఒప్పుకుంటుంది. ఈ తేడా చెప్పకుండా ఆ పాఠం చెప్తే మన పిల్లలకు అన్యాయం చేసినట్టే.

అలాగని ఓలిని నెత్తిన పెట్టుకోను. ఆ చెట్టు కింద మాట్లాడింది ఎవరు? రెండు ఇళ్ల మగవాళ్లు, ఊరి మగ పెద్దలు. పిల్ల ఎక్కడుంది? లోపల వంట దగ్గర. ఓలి చేరింది తండ్రికి, ఆమె చేతికి కాదు. విడిచి రావచ్చు అన్నారు గానీ, తీసుకున్న ఓలి తిరిగి కట్టే స్తోమత పుట్టింటికి లేకపోతే ఆమె ఎక్కడికి రావాలి? అన్నదమ్ములు ఆ పశువుల్ని తమ పెళ్లిళ్లకు ఇచ్చేసి ఉంటారు. అందుకే "సర్దుకుపో తల్లీ" అంటారు. దెబ్బలు తింటూ ఆమె సర్దుకుపోయేది. మన ఆచారం స్త్రీకి ఇచ్చిన స్వేచ్ఛ గొప్పదని సభల్లో మాట్లాడేవాళ్లు ఈ తిరిగి కట్టే షరతు దగ్గర కాస్త ఆగాలి. ఒప్పందం ఇద్దరు మనుషుల మధ్య కాదు, రెండు ఇళ్ల మధ్య జరిగింది. ఎవరి బతుకు గురించి ఒప్పందమో ఆమె అందులో పక్షం కాదు.

సరే, మరి మన పెళ్లిళ్లలోకి కాగితం ఎప్పుడొచ్చింది? సావుకారితో వచ్చింది. ఓలికి, పెళ్లి విందుకు డబ్బు లేనివాడు షావుకారు దగ్గరకు వెళ్లాడు. అతను నోటు రాశాడు, ఇతను వేలిముద్ర వేశాడు. అప్పు తీరేదాకా పని చేయాలి. విశాఖ, కోరాపుట్ కొండల్లో ఈ పద్ధతిని గోతి అనేవారు. తెలుగు చెవికి ఆ మాట గొయ్యిలాగే వినిపిస్తుంది, పడినవాడికి రెండూ ఒకటే. హైదరాబాద్ సంస్థానంలో ఇటువంటిదాన్నే భగేలా అన్నారు. పెళ్లి చేసుకున్నవాడు కొత్త కాపురం సావుకారి పశువుల పాకలో మొదలుపెట్టాడు, భార్య కూడా ఆ ఇంటి చాకిరీలో చేరింది. మద్రాసు ప్రభుత్వం 1940లో ఏజెన్సీ అప్పు వెట్టి రద్దు రెగ్యులేషన్ తెచ్చింది. అయినా 1976లో దేశమంతటికీ మళ్లీ చట్టం చేయాల్సి వచ్చిందంటే మధ్యలో ముప్పై ఆరేళ్లు ఏం జరిగిందో ఊహించుకోవచ్చు. ఆ 1976 చట్టం వెట్టి రూపాల పేర్లు వరసగా ఇచ్చినప్పుడు పాలేరు, భగేలా, వెట్టి అన్నవి కూడా చేర్చింది.

ఇది గమనించండి. మన తాతల పెళ్లికి సంబంధించి రాతపూర్వకంగా మిగిలింది ఏదైనా ఉంటే అది అప్పు నోటే. ఓలి ఎంతో, పుట్టింటి నుంచి ఏ ఆవు వచ్చిందో, విడిపోతే ఏమిటో ఎక్కడా రాయలేదు. సావుకారికి రావాల్సింది మాత్రం వడ్డీతో సహా రాసి ఉంది. రాతంటే మనకు భయం ఎక్కడి నుంచి వచ్చిందో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఈ లోపల మైదానంలో, కోర్టుల్లో ఏం నడుస్తోందో చూద్దాం. 1872 కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ప్రజా విధానానికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదంది. 1901లో కలకత్తా హైకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. పెళ్లికి ముందు అల్లుడు ఒప్పుకున్నాడు, తాను అత్తగారి ఇంట్లోనే ఉంటానని, భార్యను అక్కడి నుంచి తీసుకుపోనని. మన మాటలో ఇల్లరికం. తర్వాత తీసుకుపోతానన్నాడు. కోర్టు ఆ ఒప్పందం హిందూ న్యాయానికి, ప్రజా విధానానికి విరుద్ధమని, భర్తను కట్టిపడేయలేదని చెప్పింది. 1911లో మద్రాసు హైకోర్టు, మొగుడూ పెళ్లాలు ముందు ముందు విడిపోతే ఎలా అని రాసుకున్న ఒప్పందం చెల్లదంది. కాపురం విడిపోవడానికి దారి వేసే రాత మంచిది కాదన్నది ఆ న్యాయమూర్తుల ఆలోచన. మన గూడెం పెద్ద ఈ తీర్పులు వింటే నవ్వేవాడు. ఇల్లరికం మాట ఇచ్చి తప్పినవాడి చేత ఆయన తప్పు కట్టించేవాడు. విడిపోతే ఏమిటి అన్న మాట లేకుండా అసలు పెళ్లే మాట్లాడేవాడు కాదు.

ముస్లింలలో మెహర్ ఉంది, నిఖానామాలో షరతులు రాసుకోవచ్చు. గోవాలో 1867 నాటి పోర్చుగీసు సివిల్ కోడ్ ప్రకారం పెళ్లికి ముందు ఆస్తి ఒప్పందం పత్రంగా రాసుకుంటే చెల్లుతుంది. మిగతా దేశంలో ఈ ఒప్పందాల కోసం ప్రత్యేక చట్టం లేదు. అంటే పట్నం దంపతులు రాసుకుంటున్న కాగితాలు కూడా కోర్టులో ఎంతవరకు నిలుస్తాయో ఆ షరతును బట్టి ఉంటుంది. ఆస్తి ఎవరిది, అప్పు ఎవరిది, ఎవరి డబ్బుతో ఇల్లు కట్టారు అన్న రాత సాక్ష్యంగా పనికొస్తుంది. విడిపోవడానికి వెల కట్టిన రాతకు 1911 నాటి అభ్యంతరం ఇంకా అడ్డుపడవచ్చు.

మన సంగతికి వస్తే, 1955 హిందూ వివాహ చట్టం, 1956 హిందూ వారసత్వ చట్టం రెండూ షెడ్యూల్డు తెగలకు వర్తించవు, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప. రెండు చట్టాల్లోనూ అది రెండో సెక్షన్, రెండో ఉపసెక్షన్. అంటే మన పెళ్లికి, మన వారసత్వానికి మన ఆచారమే చట్టం. వినడానికి గౌరవంగా ఉంటుంది. కానీ కోర్టు అడిగేది ఒకటే: ఆ ఆచారం ఏమిటో రుజువు చేయండి. 2001లో సుప్రీంకోర్టుకు వచ్చిన కేసులో భార్య ఆదివాసీ, భర్త కూడా ఆదివాసీయే. అతను రెండో పెళ్లి చేసుకున్నాడని ఆమె ఫిర్యాదు. తమ తెగలో రెండో పెళ్లి చెల్లదన్న ఆచారాన్ని ఆమె రుజువు చేయలేకపోయింది. కేసు నిలవలేదు. చెట్టు కింద వందమందికి తెలిసిన మాట కోర్టు గదిలో ఎవరికీ తెలియని మాట అయిపోయింది.

2025 జులై 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దీనికి ఎదురు దిశలో నడిచింది. ఛత్తీస్‌గఢ్‌కు చెందిన గోండు కుటుంబం అది. ఒకామె వారసులు తాత ఆస్తిలో తమ తల్లి భాగం అడిగారు. కింది కోర్టులు "ఆడపిల్లకు వాటా ఇచ్చే ఆచారం ఉందని చూపండి" అన్నాయి. సుప్రీంకోర్టు ఆ ప్రశ్నను తిరగేసింది. ఇవ్వకూడదన్న ఆచారం ఉంటే అది చూపాలి, అలాంటిది లేనప్పుడు రాజ్యాంగంలోని సమానత్వమే వర్తిస్తుందంది, సమాన వాటా ఇచ్చింది. ఈ తీర్పు మన ఆడపిల్లలకు ఎంత పెద్దదో మన టీచర్లలోనే చాలామందికి తెలియదు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. రేపు ఏ ఊళ్లో అయినా మగవాళ్లు కూర్చుని "మాకు ఆడపిల్లకు వాటా ఇవ్వకూడదన్న ఆచారం ఉంది" అని చెప్పడం మొదలుపెట్టవచ్చు. ఆచారం రాసే కలం ఎవరి చేతిలో ఉంటుందన్నది అప్పుడు చాలా ముఖ్యం.

ఇప్పుడు మన ఊళ్లలో ఓలి తగ్గుతోంది, కట్నం వస్తోంది. ఉద్యోగం ఉన్న పిల్లవాడు మోటారు సైకిలు అడుగుతున్నాడు. మాట్లాడితే "మనం ఎదిగాం" అంటున్నారు. 1961 వరకట్న నిషేధ చట్టం ఏ పక్షం ఏ పక్షానికి ఇచ్చినా, పెళ్లికి ముడిపెట్టి ఇస్తే వరకట్నమే అంటుంది. మెహర్‌ను పేరు పెట్టి మినహాయించింది. ఓలి పేరు ఆ చట్టంలో లేదు. చట్టం రాసినవాళ్ల మనసులో మనం లేమన్న దానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. అదలా ఉంచితే, ఓలి నుంచి కట్నానికి మారిన ఇంట్లో పిల్ల రెండు వైపులా పోగొట్టుకుంటోంది. ఆమె విలువ చెప్పే ఓలీ లేదు, వెంట తీసుకెళ్లిన సొమ్ముకు ఆమె పేరున కాగితమూ లేదు.

ఇంకో రకం పెళ్లి గురించి మాట్లాడటానికి మనవాళ్లు మొహమాటపడతారు. 1959 భూ బదలాయింపు రెగ్యులేషన్, 1970 సవరణ, అంటే మనందరం 1/70 అనేది, ఏజెన్సీలో గిరిజనేతరుడికి భూమి బదిలీ కాకుండా చేసింది. దాంతో కొందరు గిరిజనేతరులు ఆదివాసీ పిల్లను చేసుకుని ఆమె పేరున భూమి కొన్నారు. సాగు అతనిది, పంట డబ్బు అతనిది, పట్టా మాత్రం ఆమెది. కొందరికి మైదానంలో ఇంకో ఇల్లు ఉంది. అందరూ అలాంటివాళ్లని అనను, మంచి కాపురాలూ ఉన్నాయి. కానీ ఆ పెళ్లికి ఓలి మాట జరగలేదు, పెద్దలు కూర్చోలేదు, కాగితం లేదు, రిజిస్ట్రేషను లేదు. రేపు అతను వెళ్లిపోతే ఆమె భార్యేనా అన్నదే ప్రశ్న. భూమి పట్టా తన పేరున ఉందన్న సంగతే తెలియని ఆడవాళ్లు ఉన్నారు.

పోలవరం ముంపు మండలాల్లో ఈ కాగితం లేనితనం ఇంకోలా బయటపడింది. 2013 భూసేకరణ చట్టం వితంతువును, విడాకులు తీసుకున్న స్త్రీని, కుటుంబం వదిలేసిన స్త్రీని విడి కుటుంబంగా లెక్కించాలంటుంది. మంచి మాట. కానీ పంచాయితీలో విడిపోయిన స్త్రీ అది ఎలా చూపాలి? నాకు తెలిసిన ఒకామె పదేళ్ల కిందట పెద్దల ఎదుట విడిపోయింది, మొదటివాడికి కట్టాల్సింది ఆమె అన్న కట్టాడు కూడా. జాబితా రాసేవాళ్లు కాగితం అడిగారు. పంచాయితీ చేసిన ముగ్గురు పెద్దల్లో ఇద్దరు అప్పటికి చనిపోయారు.

కాబట్టి ఏం రాసుకోవాలి అంటే, పట్నం వకీలు నమూనా తెచ్చుకోనక్కర్లేదు. మనకు అందుబాటులో ఉన్నవి ఉన్నాయి, వాటినే సరిగా వాడుకోవడం లేదు. 2006 అటవీ హక్కుల చట్టం పెళ్లైనవాళ్లకు హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేరున ఉమ్మడిగా ఇవ్వాలంటుంది. ఆ భూమి వారసులకు వస్తుంది గానీ అమ్మడానికి, బదిలీ చేయడానికి లేదు. నా దృష్టిలో మనకు దక్కిన అతి గట్టి పెళ్లి ఒప్పందం ఇదే. చట్టమే ఇద్దరి పేర్లూ రాసింది. ఇంట్లో ఉన్న పట్టా తీసి రెండు పేర్లూ ఉన్నాయో లేవో చూడమని తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పండి. ఒక్క పేరే ఉంటే గ్రామసభలో అడగవచ్చు.

రెండోది 1985 నాటి కానుకల జాబితా నిబంధనలు. అడగకుండా పెళ్లిలో ఇచ్చిన కానుకల్ని రాసి పెట్టుకోవాలని అవి చెప్తాయి. పెళ్లికూతురికి వచ్చినవి ఆమె దగ్గర ఒక జాబితా, పెళ్లికొడుకుకు వచ్చినవి అతని దగ్గర ఒకటి. వస్తువు ఏమిటి, సుమారు విలువ ఎంత, ఎవరిచ్చారు, ఏ వరస. ఇద్దరూ సంతకం పెట్టాలి. మన పెళ్లిళ్లలో చదివింపులు ఒక నోటుపుస్తకంలో రాస్తాం కదా, ఎవరు ఎంత చదివించారో మళ్లీ వాళ్ల పెళ్లికి తిరిగి పెట్టాలని. అదే పుస్తకంలో ఇంకో పేజీ. దాని మీదే ఓలి కింద ఏమొచ్చింది, అందులో పిల్ల పేరున ఏముంది, పెళ్లి అప్పు ఎంత, ఎవరు తీర్చాలి అన్నవి కూడా రాసుకుంటే ఎవరూ వద్దనరు. పెళ్లి అప్పు గురించి తప్పకుండా రాయండి. గోతి పద్ధతి పోయినా, చిన్న రుణాల గ్రూపులో భార్య పేరున తీసిన అప్పుతో మరిది పెళ్లి జరగడం ఇప్పుడూ ఉంది.

పెళ్లి రిజిస్ట్రేషను ఉమ్మడి రాష్ట్రంలో 2002 చట్టంతోనే తప్పనిసరి అయింది. తెలంగాణలో 2014లో కల్యాణలక్ష్మి వచ్చాక కాగితాల అలవాటు కొంత పెరిగింది, పద్దెనిమిదేళ్లు నిండాయా అని తల్లిదండ్రులు లెక్క చూసుకుంటున్నారు. డబ్బు కోసమే అయినా మంచిదే.

ఇక విడిపోవడం, మారుమనువు, ఆడపిల్ల వాటా, ఇవి ఇంట్లో రాసుకుంటే తేలేవి కావు. 1996 పెసా చట్టం తగాదాలు తీర్చుకునే మన ఆచార పద్ధతిని కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ నిబంధనలు 2011లో వచ్చాయి. పంచాయితీలో ఒక జంట విడిపోయినప్పుడు తేదీ, ఇద్దరి పేర్లు, ఎవరు ఏం తీసుకున్నారు, పిల్లలు ఎవరి దగ్గర, ఓలి లెక్క తేలిందా అన్న ఐదారు వాక్యాలు గ్రామసభ తీర్మానాల పుస్తకంలో ఎక్కించడం ఎవరికీ భారం కాదు. ఆ పుస్తకం రాసేది చాలా ఊళ్లలో టీచరో, ఇంటర్ చదివిన కుర్రాడో. రాసే రోజు ఆమెను పిలవండి, లోపల వంట దగ్గర వదిలేయకండి. రాసింది ఆమె భాషలో, కోయలోనో సవరలోనో గోండిలోనో పైకి చదివి వినిపించాలి. 1985 నిబంధనల్లో ఈ మాట ఉంది: సంతకం చేయలేనివారు జాబితా చదివించుకుని విన్న తర్వాత వేలిముద్ర వేయవచ్చు. సావుకారి నోటు మీద వేలిముద్ర వేసిన రోజు మన తాతకు ఎవరూ చదివి వినిపించలేదు.